మైకమ్మ మనవరాలి బొప్పి

మా బస్టాండులో మైకమ్మ గొంతు వినని చెవి లేదు. నా కొట్టయితే సరిగ్గా లౌడ్‌స్పీకరు కిందే. పేపర్లు, పజిల్ పుస్తకాలు, దువ్వెనలు, తాళంకప్పలు అమ్ముకుంటూ, తెల్లారింది మొదలు చీకటి పడేదాకా ఆ గొంతుని నెత్తిన మోస్తూ బతుకుతున్నాను. నాకు చెముడంటూ వస్తే నీ వల్లేనని ఎన్నిసార్లు దెబ్బలాడానో. "రానీవే, బేరాలాడేవాళ్ళ గోల వినబడదు" అనేది. ఆవిడ అసలు పేరు డ్యూటీ చార్టులో ఎక్కడో ఉంటుంది. మా అందరికీ మైకమ్మ. నన్ను బస్టాండంతా పేపరక్క అంటే ఆవిడొక్కతే "ఒసే పేపరూ" అంటుంది.

బస్సు వచ్చిందని చెప్పడం కూడా ఒక పనా అనుకునేవాళ్ళు ఒక్కసారి ఆవిడ చెప్పగా వినాలి. "ప్రయాణికులకు గమనిక. రేవుకి వెళ్ళే బస్సు రెండో ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చింది. తోసుకోకండి నాయనా, అదెక్కడికీ పారిపోదు. ఎర్రచొక్కా బాబూ, కిటికీలోంచి సంచి విసిరి సీటు పట్టుకున్నావు, చూశాను. నీ వెనకాల కర్రతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది, నువ్వూ చూడు." ఎర్రచొక్కా నాలిక్కరుచుకుని లేచి నిలబడేవాడు. జనం పకపకా నవ్వేవారు. మైకు గది పైఅంతస్తులో ఉంటుంది, చుట్టూ అద్దాలు. అక్కడ కూర్చుంటే బస్టాండంతా అరచేతిలో ఉన్నట్టే.

అన్ని మాటలు మాట్లాడే మనిషికీ ఒక పట్టుదల ఉంది. కంటితో చూడంది మైకులో చెప్పదు. బస్సుల రాకపోకలు చూసే కంట్రోలర్ గారు పక్కగదిలో ఫోను పెట్టేసి, "కొండమీది బస్సు మలుపు దగ్గరికి వచ్చిందట, చెప్పెయ్యండి" అంటే, "వచ్చిందటనా, వచ్చిందా?" అని అడిగేది. "వచ్చిందట అయితే మీరే చెప్పుకోండి. నేను టైరు చూశాకే నోరు తెరుస్తాను. నా మైకులో 'అట'కి చోటు లేదు." ఆయన తల పట్టుకునేవారు. కానీ మైకమ్మ వచ్చిందంటే బస్సు వచ్చినట్టే. లేని బస్సు కోసం మా ప్రయాణికులెవరూ సామాన్లు మోసుకుని పరిగెత్తిన పాపాన పోలేదు.

ఇంతటి మనిషినీ ఆ మైకే ఒకసారి నిలువునా ముంచింది.

మైకమ్మకి ఒక్కతే కూతురు. బస్టాండు వెనక వీధిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. తల్లి ఎంత మాటకారో ఈ పిల్ల అంత మౌని. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసీ చేసీ మాట్లాడటం మరిచిపోయిందని నేను ఏడిపించేదాన్ని. అల్లుడు రాత్రి కాపలా ఉద్యోగం చేసి పగలు నిద్రపోతాడు. అందుకని వాళ్ళ పాప పగలంతా అమ్మమ్మతో మైకు గదిలోనే ఉండేది. ఆ పాప ఏడిస్తే డ్రైవర్లు ఏదో బస్సు వెనక్కి వస్తోందనుకుని పక్కకి తప్పుకునేవారు. అందుకే హారన్ అని పేరు పడిపోయింది. ఒత్తయిన ఉంగరాల జుట్టు, రెండు బుగ్గలూ నిండుగా, ఎవర్ని చూసినా చెయ్యి ఊపడం. నా కొట్లో సగం దువ్వెనలు ఆ పిల్ల నోట్లో పెట్టుకుని చూసినవే.

మైకు మీట కాస్త వదులు. ఒకసారి నొక్కితే ఆగినట్టు కనిపిస్తుంది గానీ ఆగదు, గట్టిగా ఇంకోసారి నొక్కాలి. ఒక మధ్యాహ్నం మైకమ్మ రేవు బస్సు సంగతి చెప్పి మీట ఒక్కసారే నొక్కింది. ఆ వెంటనే లౌడ్‌స్పీకర్లన్నింట్లోంచీ ఒక్క కేక. "అయ్యయ్యో! పడిపోయావా నా తల్లీ! తలకి తగిలిందా? ఎక్కడ, ఎక్కడ తగిలింది?" దాని వెనకే హారన్, చెవులు చిల్లులు పడేలా.

బస్టాండు బస్టాండంతా కొయ్యబారిపోయింది. బయల్దేరబోయే బస్సు బ్రేకేసింది. నేను చేతిలో చిల్లర అక్కడే పారేసి మెట్లెక్కి పరిగెత్తాను. వెనక వీధిలోంచి కూతురు మెడలో కొలతల టేపుతోనే వచ్చి పడింది. తీరా పైకి వెళ్ళి చూద్దుము కదా, ప్రయాణికులు మరిచిపోయిన సంచులు మూల పోగేసి ఉంటాయి, వాటి మీద కూర్చుని హారన్ నవ్వుతోంది. స్టూలెక్కబోయి జారిందట. మేమూ నవ్వేశాం. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

కొన్నాళ్ళకి పాప జుట్టుకి క్లిప్పు పెట్టబోతూ కూతురు ఆగిపోయింది. మాడుకి కాస్త పక్కగా, జుట్టు కింద, వేలికి ఏదో తగిలింది. గుండ్రంగా, మెత్తగా, ఇంత ఉబ్బు. "అమ్మా, బొప్పి కట్టింది" అంది.

అంతే, ఆ ఒక్క మాట చాలింది. బొప్పి అన్నాక దెబ్బ తగిలి ఉండాలి. దెబ్బ తగిలిందంటే ఎవరో పడేసి ఉండాలి. పడేసింది ఎవరంటే వెతుక్కోనే అక్కర్లేదు, బస్టాండంతా చెవులారా విన్నది! టీ కొట్టతను అన్నాడు, "ఆ రోజు పడింది కదండీ, దాని తాలూకే." కండక్టర్లు అన్నారు, "మేమూ విన్నాం." టికెట్ కిటికీలో పిల్ల కూడా అంది. మైకమ్మ ఇన్నాళ్ళూ నిజమే చెప్పి సంపాదించుకున్న నమ్మకమంతా తిరగబడి ఆవిడ మెడకే చుట్టుకుంది. మైకమ్మ గొంతులో వచ్చిన మాట అబద్ధమని ఎవరనుకుంటారు?

చల్లటి గుడ్డ పెట్టారు, మంచుముక్క పెట్టారు. బొప్పి తగ్గలేదు సరికదా, కాస్త పెరిగినట్టు కూడా అనిపించింది. కూతురు తల్లిని పల్లెత్తు మాట అనలేదు. ఒకరోజునుంచి మాత్రం పాపని మైకు గదికి పంపడం మానేసింది. "నీకు మైకు పనుంటుంది కదమ్మా, నా దగ్గరే ఉంచుకుంటాలే" అంది, మర్యాదగా, కళ్ళెత్తకుండా. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. నాకు ఒళ్ళు మండింది గానీ నాకెందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

ఆ రోజునుంచి లౌడ్‌స్పీకర్లో మనిషి లేకుండా పోయింది. "రేవు బస్సు. రెండు." అంతే. నాయనా లేదు, ఎర్రచొక్కా లేదు. రోజూ వచ్చేవాళ్ళు నా కొట్టు దగ్గర ఆగి, "అమ్మగారికి ఒంట్లో బాగాలేదా?" అని అడగడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ ఆ గోల పోతే బాగుండునని మొత్తుకున్నదాన్ని, నాకే అన్నం సయించలేదు. కొట్టుకి గొళ్ళెం పెట్టి పైకెక్కాను.

ఖాళీ స్టూలు వైపు చూస్తూ కూర్చుని ఉంది. ముందు మీట దగ్గరికెళ్ళి గట్టిగా రెండుసార్లు నొక్కాను. తర్వాత అడిగాను.

"ఏమే, ఆ రోజు పిల్ల తలకి దెబ్బ తగలడం చూశావా?"

"రేవు బస్సు వైపు చూస్తున్నానే. చప్పుడు విని తిరిగేసరికి సంచుల మీదుంది."

"మరి తగిలిందని ఎందుకన్నావు?"

"అన్లేదే. తగిలిందా అని అడిగాను."

"నువ్వు అడిగావు. బస్టాండు మాత్రం తగిలిందని విన్నది. అందరూ తగిలిందన్నారు, నువ్వూ తగిలిందట అనుకున్నావు. కొండమీది బస్సు విషయంలో ఒప్పుకోని 'అట'ని నీ మనవరాలి విషయంలో ఎలా నమ్మావే, బుద్ధిలేనిదానా?"

నేను ఆగలేదు. "పైగా దెబ్బ బొప్పి ఇన్నాళ్ళుంటుందా? మనం చిన్నప్పుడు ఎన్ని బొప్పులు కట్టించుకోలేదు! నాలుగు రోజుల్లో పోయేవి కావూ? ఇదేదో డాక్టరు చూడాల్సిన సంగతి. ఇక్కడ కూర్చుని ఏడిస్తే తగ్గదు."

మైకమ్మ దిగ్గున లేచింది. పక్కగదిలోంచి కంట్రోలర్ గారిని పిలిచి చేతిలో మైకు పెట్టి, "కాసేపు మీరు 'అట' చెప్పుకోండి" అని మెట్లు దిగింది. ఆ గొంతు మళ్ళీ విన్నందుకు నాకు ఈల వెయ్యాలనిపించింది. ఇద్దరం కూతురి కొట్టుకి వెళ్ళాం. పాప గుడ్డముక్కల మధ్య ఆడుకుంటోంది. మైకమ్మ గుమ్మంలోనే నిలబడి, "రేపు పిల్లల ఆసుపత్రికి పోదాం. నా వల్లయితే నా వల్లేనని డాక్టరు నోటితోనే విందాం" అంది.

కూతురు మిషన్ ఆపింది. నోట్లో సూదులు తీసింది. "నేనే తీసికెళ్ళాల్సిందమ్మా. భయమేసింది. నిజంగా దెబ్బేనంటే నీ మొహం ఎలా చూడాలో తెలీక వాయిదా వేస్తూ వచ్చాను." ఇంత పొడుగు మాట ఆ పిల్ల నోట నేనెప్పుడూ వినలేదు. తల్లి పాపని ఎత్తుకోవడానికి చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుదే, హుషారైన మనిషి. పాప చేతికి టార్చిలైటు ఇచ్చి, ఆ సందులో తల తడిమింది. మెల్లగా నొక్కింది, పక్కకి కదిపి చూసింది. మేం హారన్ కోసం చెవులు మూసుకోబోయాం. పాప టార్చి వెలిగించి డాక్టరమ్మ ముక్కు మీద వేస్తూ కూర్చుంది.

"నొప్పి లేదు, కమిలిన రంగు లేదు. ఎన్నాళ్ళనుంచి ఉంది?"

"మా అమ్మ దగ్గర పడ్డప్పటినుంచి..." అని కూతురు మొదలెట్టింది.

"పడటం సంగతి తర్వాత చూద్దాం. ముందు స్కాన్ తీయిద్దాం" అంది డాక్టరమ్మ.

తీయించాం. సాయంత్రం లోపలికి పిలిచింది. తెర మీద పాప పుర్రె బొమ్మ. ఇంత పిల్లకి లోపల అంత ముద్దొచ్చే ఎముక ఉంటుందని నాకు తెలీదు. డాక్టరమ్మ పెన్నుతో ఒకచోట చూపించింది. ఉబ్బు కింద ఎముకలో చిన్న పల్లం. తడి పిండి మీద బొటనవేలు ఆనించినట్టు నున్నగా ఉంది.

"ఇది చూశారా? దెబ్బ తగిలితే ఎముక చిట్లుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. ఇలా నున్నగా పల్లం పడాలంటే, పైన ఏదో చాలా కాలం కూర్చుని, మెల్లమెల్లగా పెరుగుతూ ఉండాలి. ఇది బొప్పి కాదమ్మా, తిత్తి. కడుపులో బిడ్డ తల తయారయ్యేటప్పుడు కాస్తంత చర్మం లోపల మడతపడి ఉండిపోతుంది. అదే తిత్తిలా పెరుగుతుంది. అరుదుగా వస్తుంది. కేన్సరు కాదు."

మైకమ్మ కుర్చీ అంచున ఉంది. "అంటే, పడక ముందే ఉందా?"

"పడక ముందు కాదండీ, పుట్టక ముందే ఉంది. పడటానికీ దీనికీ సంబంధమే లేదు."

నేను లేచి ఎగిరి గంతేశాను! ఈ వయసులో, ఈ మోకాళ్ళతో! నర్సు వచ్చి ఇది ఆసుపత్రి అని గుర్తుచేసింది. తల్లీకూతుళ్ళు మాత్రం కదల్లేదు. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని, ఆ చేతిని తన మొహానికి ఆనించుకుని ఏడ్చింది. మైకమ్మ ఏడుస్తూనే, "ఏడవకే, పిల్ల జడుసుకుంటుంది" అంటోంది. పిల్ల ఏం జడుసుకోలేదు. టార్చి నోట్లో పెట్టుకుని బుగ్గ ఎర్రగా వెలుగుతుంటే మా వైపు చూస్తోంది.

కానీ డాక్టరమ్మ ఇంకా పెన్ను కింద పెట్టలేదు. "ఒకటి మాత్రం తేల్చుకోవాలి. కొన్ని తిత్తులకి ఎముకలోంచి లోపలికి సన్నటి దారి ఉంటుంది, మెదడు పొరల దాకా. అలా ఉంటే ఆపరేషన్ పెద్దదవుతుంది. లేకపోతే పైపైనే తీసెయ్యొచ్చు. ఇంకో స్కాన్ కావాలి, పాపకి మత్తిచ్చి." గంతులేసిన మోకాళ్ళు అప్పుడు నొప్పెట్టాయి.

ఆ రెండో స్కాన్ ఫలితం వచ్చేదాకా బస్టాండులో ఒక్కరికీ పని సాగలేదు. సంగతి నేనే చెప్పాను, ఎవరికీ దాచలేదు. టీ కొట్టతను "నేను అలా అనకుండా ఉండాల్సింది పేపరక్కా" అని టీ ఊరికే ఇచ్చాడు. నువ్వు అన్నదానికి ఈ టీ చాలదని చెప్పి తాగేశాను. చివరికి ఆసుపత్రి ఫోను వచ్చింది. దారి లేదు! ఎముక లోపలి పొర చెక్కుచెదరలేదు! మైకమ్మ ఆ కబురు విని నన్ను కావలించుకున్న ఊపుకి దువ్వెనల అట్ట మొత్తం కింద పడింది.

ఆపరేషన్ రోజు థియేటర్ తలుపు దాకా పాపని ఒక్కరే ఎత్తుకుని వెళ్ళొచ్చన్నారు. కూతురు చంకలో పాప ఉంది. అల్లుడు నిద్రమానుకుని వచ్చి పక్కనే నిలబడ్డాడు. కూతురు ఎవరినీ అడగలేదు, నేరుగా వచ్చి పాపని తల్లి చేతుల్లో పెట్టింది. "నువ్వే తీసికెళ్ళమ్మా. నీ దగ్గరయితే ఏడవదు."

మైకమ్మ ఆ పిల్లని ఎత్తుకున్న తీరు చూడాలి! తలుపు దగ్గర పాప చెవిలో మెల్లగా అంది, "ప్రయాణికులకు గమనిక. హారన్ బస్సు మొదటి ప్లాట్‌ఫామ్ నుంచి బయల్దేరుతోంది." పాప కిలకిలా నవ్వింది. తలుపులు మూసుకున్నాయి.

"తిరిగొస్తుందని కూడా చెప్పకపోయావా" అన్నాను.

"చూడందే ఎలా చెప్పనే?" అంది.

ఇక నా ఫోను మోగడం మొదలు. కండక్టర్లు, కంట్రోలర్ గారు, టికెట్ కిటికీ పిల్ల. "అయిందా? అయిందా?" అని. డాక్టరమ్మ ముందే చెప్పింది, తిత్తి చిట్లకుండా నిండుగా బయటికి రావాలని, లోపల పిసరంత మిగిలినా మళ్ళీ పెరుగుతుందని. అల్లుడు గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాడు. కూతురు చేతిసంచిలోంచి పాప గౌను తీసి, చెక్కుచెదరని అంచుని విప్పి మళ్ళీ కుట్టింది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, మొహమంతా నవ్వు, చేతిలో చిన్న సీసా. "నిండుగా వచ్చేసింది! ఎక్కడా చిట్లలేదు. చూస్తారా?" కూతురు ముందుకి వెళ్ళి సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. నేను ఒక కన్ను మూసుకుని చూశాను. పాలిపోయిన ద్రాక్షపండులా ఉంది. ఇంతేనా! ఇంత మనిషి గొంతు నొక్కేసింది ఇదేనా! మైకమ్మ మాత్రం సీసా వైపు తిరగనైనా లేదు. "అది నాకెందుకు, నా పిల్లని చూపించండి" అని లోపలికి నడిచింది. నర్సు ఆపబోతే ఆగే మనిషా?

అప్పుడు లోపల్నుంచి హారన్ మోగింది. తెర వెనకాల్నుంచి, గోడల మీంచి, వరండా ఆ చివరిదాకా! అల్లుడు ఉలిక్కిపడి మేలుకున్నాడు. నా ఫోనులో కండక్టరు "ఏంటక్కా, ఏ బస్సది?" అంటున్నాడు. మైకమ్మ వచ్చి ఫోను లాక్కుని, "వచ్చిందిరా! కళ్ళారా చూశాను, వచ్చింది!" అని కేకేసింది. ఈసారి నర్సు కూడా ఏమీ అనలేదు.

కుట్లు విప్పాక ఒక ఉదయం కూతురు పాపని ఎత్తుకుని బస్టాండులోకి వచ్చింది. పాప తలకి తనే కుట్టిన పసుపురంగు టోపీ. నా కొట్టు దగ్గర ఆగుతుందనుకున్నాను, ఆగలేదు, నేరుగా మెట్లెక్కింది. నేనూ వెనకే ఎక్కాను, మరి కొట్టు ఎవరు చూస్తారని అడక్కండి. మైకమ్మ రేవు బస్సు కోసం అద్దంలోంచి చూస్తోంది. కూతురు పక్కకి వచ్చి నిలబడి, "ఒకసారి మైకు ఇవ్వమ్మా" అంది.

"నీకెందుకే?"

"ఇవ్వు."

నలుగురున్న చోట నోరు మెదపని పిల్ల. మీట తనే నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక." కింద జనం తలలెత్తారు. "నేను మైకమ్మ గారి కూతుర్ని. మా అమ్మ నా పాపని పడేసిందని, అందుకే బొప్పి కట్టిందని మీరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అది బొప్పి కాదు. పుట్టకముందు నుంచీ ఉన్న తిత్తి. తీసేశారు. మా అమ్మ తప్పు ఏమీ లేదు. స్కాన్ నేను చూశాను. తిత్తి నేను చూశాను. ఇందులో 'అట' లేదు."

కింద ఎవరో డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఆ పైన ప్లాట్‌ఫామ్‌ల మీదున్న బస్సులన్నీ కొట్టాయి. మా హారన్ టోపీ పీకేసి అద్దానికి మొహం ఆనించి వాటన్నిటికీ జవాబు చెప్పింది. రేవు బస్సు వచ్చి నిలబడినా చెప్పేవాళ్ళు లేరు. మైకమ్మకి మాట రాలేదు. అలాంటి రోజు చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

కూతురు మైకు బల్లమీద పెట్టి, మీట ఒక్కసారి నొక్కింది. పాపని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టింది.

"కుట్టాల్సినవి బోలెడున్నాయమ్మా. సాయంత్రం దాకా నీ దగ్గరే ఉంచుకో" అంది.

ఆ మాట కూడా బస్టాండంతా విన్నది.